మూడో కుప్ప

"తినవయ్యా. నోరు తెరువు."

జెలీఫా చేతిలో గుప్పెడు వేరుశెనగ గింజలున్నాయి. ముడుచుకుపోయినవి, పగిలినవి, కొన్నింటి మీద పచ్చటి బూజు. ఆ చెయ్యి గోండ్వే మేనేజరు నోటికి జానెడు దూరంలో ఆగి ఉంది. గోదాములో గింజలేరే నలభై మంది ఆడవాళ్ళ చేతులూ ఒక్కసారే ఆగిపోయాయి. బల్లకి ఇవతల, జెలీఫాకి సరిగ్గా ఎదురుగా కూర్చున్న ఆవిడ మరదలు మలీతా మటుకు, వదినకి ఈవేళతో పని పోయినట్టేనని తేల్చేసుకుని, ఆవిడ చేటలో మిగిలిన గింజల్ని కూడా తన చేటలోకి లాక్కుంది. పని ఎందుకు పాడవ్వాలి?

"భోజనం చేసే వచ్చానమ్మా," అన్నాడు గోండ్వే.

"అయితే ఇంటికి పట్టుకెళ్ళు. నీ పెళ్ళాం నెలలు నిండుతున్న మనిషి, ఆదివారం చర్చిలో చూశాగా. వీటిని దంచి ఆకుకూరలో కలిపి పెట్టు. బలం."

"నా భార్య మాటెత్తకు!"

"ఎత్తితే ఏం? మా కూతుళ్ళ మాట నువ్వు శనివారం శనివారం ఎత్తుతూనే ఉన్నావుగా, గిన్నెడు చొప్పున."

మ్చింజి ఊరి చివర ఉన్న ఆ గోదాములో పద్ధతి అది. పల్లెల్నించి వచ్చిన గింజల్ని బల్ల మీద పోస్తారు. నిగనిగలాడే పెద్ద గింజలు మొదటి కుప్ప, యూరప్‌కి. కాస్త చిన్నవి, రంగు తగ్గినవి రెండో కుప్ప, చుట్టుపక్కల దేశాలకి. ఏరగా మిగిలిన దరిద్రమంతా మూడో కుప్ప. శనివారం సాయంత్రం కూలితో పాటు ఆ మూడో కుప్పలోంచి గిన్నెడేసి ఆడవాళ్ళకి పోసి, బహుమానం అనేవాడు గోండ్వే. మిగిలింది చిన్న వ్యానులో వేసుకుని ఒకతను రాజధాని లిలోంగ్వే సంతకి, పిండిమరల వాళ్ళకి తోలుకుపోయేవాడు. ఆ పిండే తిరిగి తిరిగి పసిపిల్లల జావలోకి వచ్చేది.

"నేను పెట్టిన రూలు కాదమ్మా ఇది," అని గోండ్వే గొంతు తగ్గించాడు. "తియమికే, ఇటు రా, చెప్పు ఈవిడకి."

తియమికే అంటే గింజల్ని పిండి చేసి, మందునీళ్ళలో కలిపి, కాగితం ముక్క ముంచి విషం కొలిచే పిల్ల. తెల్లకోటు వేసుకుంటుంది. లిలోంగ్వేలో పెద్ద చదువు చదివొచ్చింది, అయినా పెద్దవాళ్ళ ఎదుట మోకాళ్ళు వంచడం మరిచిపోలేదు.

"బూజు పట్టిన గింజలో ఒక విషం పుడుతుంది అమ్మమ్మా. కంటికి కనపడదు, వేయించినా చావదు. యూరప్ కూటమి వాళ్ళు వంద కోట్ల పాళ్ళలో నాలుగు పాళ్ళ దాకా ఒప్పుకుంటారు."

"ఇక్కడో?"

"జాంబియా, కెన్యా, మనం ఉన్న కూటమి, కొమెసా అంటారే, అందులో పది దాకా."

"దక్షిణాన ఇంకోటి ఉందంటారుగా? అందులోనూ మన పేరుందట."

"సాదెక్. ఉంది అమ్మమ్మా. అక్కడ ఏ దేశం అంకె ఆ దేశానిది."

"రెండు సంఘాల్లో పేరు రాయించుకుని రెండింట్లోనూ చాప చివరే కూర్చున్నామన్నమాట. చెప్పు చెప్పు."

"యూరప్ వాళ్ళే, మా మిషన్లలో మళ్ళీ ఏరుకుంటాం అంటే పదిహేను దాకా కూడా తీసుకుంటారు."

"అంటే గింజకీ వాళ్ళ నోటికీ మధ్య ఇంకో జల్లెడ ఉంది. మరి ఈ మూడో కుప్ప అంకె ఎంత?"

తియమికే నేల చూసింది. "నలభై. ఒక్కోసారి రెండొందలు."

"అంత విషాన్ని ఒప్పుకునే దేశం ఏది?"

"ఏదీ లేదమ్మమ్మా."

"ఏదీ లేదట!" జెలీఫా ఈసారి మేనేజరు వైపు తిరగలేదు, బల్లల వైపు తిరిగింది. "విన్నారా? ఏ దేశమూ ఒప్పుకోదట. మరి మాకెందుకు పోస్తున్నావు మేనేజరూ? మేం ఏ దేశం?"

ఈ అంకెలన్నీ జెలీఫాకి ఎప్పటినుంచో నోటికొచ్చు. నలభై మందికీ వినపడాలని ఆ పిల్ల చేత చెప్పించింది. వినపడింది కూడా. తలుపు దగ్గర కూర్చునే లావుపాటి మనిషి చేట పక్కన పెట్టి లేచింది. ఆ తర్వాత ఆవిడ పక్కనున్నది. బయట లారీ డ్రైవరు ఆగకుండా హారను కొడుతున్నాడు; సాయంత్రానికల్లా మొదటి కుప్ప బస్తాలకెక్కి బెయిరా రేవుకి బయల్దేరాలి. కుప్పలో సగం ఇంకా ఏరనే లేదు. గోండ్వే లారీ వైపు చూశాడు, లేచి నిలబడ్డ ఆడవాళ్ళని చూశాడు, తన చేతి గడియారం చూసుకున్నాడు.

"సరే. ఈ శనివారం నుంచి గిన్నె రెండో కుప్పలోంచి. ఇక కూర్చోండి తల్లీ, మీకు దణ్ణం పెడతాను."

అందరూ నాలుకలాడిస్తూ గెలుపు కేకలు పెట్టారు. మొదటి కేక తనదేనని మలీతా ఇవాళ్టికీ చెబుతుంది. అందరూ లేచాక, ఇక లేవకపోతే బాగుండదని లేచిన మనిషి ఆవిడ, అయినా చెబుతుంది. లాక్కున్న గింజల్ని వదిన చేటలోకి తిరిగి పోసేసిందన్నది మాత్రం నిజం.

జెలీఫా కేక పెట్టలేదు. గుమ్మం దాకా వెళ్ళి, మిగిలిన మూడో కుప్పని వ్యానులోకి ఎక్కించడం చూస్తూ నిలబడింది. గిన్నెల వరకు గెలిచింది. వ్యాను మామూలుగానే లిలోంగ్వే రోడ్డెక్కింది.

ఈవిడకి ఇంత నోరు ఎక్కణ్ణించి వచ్చిందని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. ఆవిడ సొంతూరు చిపసుల గ్రామంలో ఎవరూ అడగరు. జెలీఫా కలుంబి పుట్టేటప్పటికి దేశం ఇంకా తెల్లవాళ్ళ చేతిలోనే ఉంది. బడికి మూడేళ్ళు వెళ్ళింది. నాలుగో ఏడు పంతులు, ఇంటి నుంచి తలా ఒక బుట్టెడు వేరుశెనగ తెమ్మంటే, "మేం వచ్చింది లెక్కలు నేర్చుకోడానికా, మీకు కాయలు ఒలవడానికా?" అని అడిగి బయటికొచ్చేసింది. కొంతమంది వెళ్ళగొట్టారంటారు. ఏదైనా ఒకటే.

వాళ్ళలో మగవాడే పెళ్ళాం ఇంటికి కాపురానికి వస్తాడు. మలీతా అన్న, సాండిఫోలో అనే అతను, అలాగే జెలీఫా ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళు ఉన్నాడు. పొలం ఆవిడది, ఇల్లు ఆవిడది, పిల్లలు ఆవిడ వాళ్ళు. అతనివి ఒక సైకిలూ, తను డబ్బిచ్చి చేయించిన తలుపూ. ఇంకో ఊళ్ళో ఇంకొకతె దొరికాక ఆ రెండూ పట్టుకుపోతానని వచ్చాడు. చెల్లెల్ని వెంటబెట్టుకు వచ్చాడు, న్యాయం తన వైపుందని చూపించడానికి. జెలీఫా వంటింటి ముందు కూర్చుని కాయలు ఒలుస్తూ తలెత్తలేదు.

"బందుల మేకులు కూడా పీక్కెళ్ళు. అవీ నీవే. మళ్ళీ మేకుల కోసమని నా మొహం చూడాల్సొస్తుంది."

తలుపు నెత్తిన పెట్టుకుని, సైకిలు తోసుకుంటూ అతను ఊరంతా దాటిపోవడం పిల్లలకి పండగైపోయింది. వారం తిరక్కుండా జెలీఫా రెండు రెక్కల తలుపు పెట్టించింది. ఆ ఇంట్లోకి రెండు బస్తాలు పక్కపక్కనే పట్టుకుని రావచ్చు. అన్న వెంట వచ్చిన మలీతా అన్న వెంట వెళ్ళలేదు, వదినతో కలిసి కాయలు ఒలిచి సాయంత్రం ఇంటికెళ్ళింది. అప్పట్నించీ, ఒక్క వానాకాలం తప్పిస్తే, వాళ్ళిద్దరూ తిట్టుకోని రోజు లేదు, ఒకరిని వదిలి ఒకరు సంతకి వెళ్ళిన రోజూ లేదు.

ఆ ఒలిచే పని దగ్గరే వచ్చింది తంటా అంతా.

చలింబానా రకం గింజ పెద్దది, తొక్క మందం. ఎండలో పెళపెళలాడేలా ఎండాక దాన్ని బొటనవేలితో నొక్కి పగలగొట్టాలి. వందకాయలయ్యేసరికి గోరు కింద చర్మం చీలుతుంది. బస్తా అయ్యేసరికి ఉప్పు ముట్టుకోలేరు. అందుకని చిపసుల ఆడవాళ్ళు సొరబుర్రతో నీళ్ళు చల్లి, గోనె కప్పి, నానాక ఒలిచేవాళ్ళు. మెత్తగా, నోరు తెరిచినట్టు విచ్చుకుంటుంది కాయ. వాళ్ళమ్మలు అలాగే చేశారు, అమ్మమ్మలు అలాగే చేశారు. గోదాము పనికి కుదరకముందు, పదహారు మంది ఆడవాళ్ళు సంఘం కట్టి జెలీఫాని పెద్దగా కూర్చోబెట్టుకుని, మధ్య దళారులు లేకుండా గింజలు నేరుగా యూరప్‌కి పంపుదామనుకున్న ఏడు కూడా అలాగే చేశారు. వ్యవసాయ ఆఫీసునుంచి ఒక కుర్రాఫీసరు వచ్చి, "తడి తగిలితే బూజు, బూజు వస్తే విషం, చల్లకండి," అని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు.

"నీ బొటనవేలు చూపించు బాబూ," అంది జెలీఫా.

చూపించాడు పాపం. జెలీఫా దాన్ని పట్టుకుని అందరివైపూ తిప్పింది.

"చూడండే. పురిటి బిడ్డ మడమలా ఉంది. దీన్ని ఎండుకాయల మీద ఒక్క పూట పెట్టి, సాయంత్రం వచ్చి చెప్పు చల్లొద్దని."

అందరూ పొట్టలు పట్టుకు నవ్వారు. మలీతాకి నవ్వి నవ్వి ఎక్కిళ్ళొచ్చాయి. ఆ కుర్రాఫీసరు మళ్ళీ రాలేదు. ఆ మరునాడు జెలీఫానే సొరబుర్ర పట్టుకుని అందరి కుప్పల మీదా నీళ్ళు చల్లింది.

ముప్పై బస్తాలు వెళ్ళాయి. ముప్పై బస్తాలూ వెనక్కి వచ్చాయి. ఓడ దాకా కూడా పోలేదు, లిలోంగ్వేలోనే కొలిచి తిప్పి పంపారు. అక్టోబరు నెల, ఇళ్ళల్లో మొక్కజొన్న గాదెలు అడుగంటుతున్నాయి. బస్తాలు జెలీఫా ఇంట్లో, ఆ రెండు రెక్కల తలుపు వెనక పేర్చారు. రెండో రోజే సరిహద్దు వర్తకుడొకడు సైకిలేసుకుని వచ్చాడు, సావిలా అని, చెమటకి తడిసిన చొక్కా, తడవని నవ్వు.

"యూరప్ వాడికి నాలుగు కావాలి, వాడి కడుపు సున్నితం. సరిహద్దు అవతల పది చాలు. మంచివాటితో కలిపితే పదికి దిగుతాయి. దిగకపోతే మన సంతే ఉంది, అక్కడ కొలిచే మిషన్ ఎవరి తాత చూశాడు? మీరు ఊఁ అనండి, రేపే ఎత్తుకుపోతాను."

పదిహేను మందీ ఊఁ అన్నారు. అందరికంటే ముందు మలీతా అంది. ఆ బస్తాల్లో రెండు ఆవిడవి, వాటితో వానలకి ముందే ఇంటి మీద రేకులు వేయించాలని కలలు కంటోంది. జెలీఫా ఒక్కతే ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. విషం విషం అంటున్నారు, నా కంటితో చూస్తేగాని అప్పగించను, అని లిలోంగ్వేకి కబురు పెట్టింది. అప్పుడు వచ్చింది తియమికే మొదటిసారి, ఇంకా చదువుకుంటున్న పిల్ల, భుజాన సంచీతో. మలీతా ఇంట్లో విత్తనానికని పొడిగా దాచిన గింజలు కొన్ని, వెనక్కొచ్చిన బస్తాలోవి కొన్ని, విడివిడిగా దంచింది. రెండు కాగితం ముక్కలు రెండింట్లో ముంచి చాప మీద పెట్టింది. పొడి గింజల కాగితం మీద రెండు ఎర్ర గీతలు తేలాయి. రెండో కాగితం మీద ఒక్కటే. రెండో గీత కోసం అందరూ వంగి చూశారు. రాలేదు.

"గీత రాకపోతే విషం ఉన్నట్టు," అంది తియమికే. "పిల్లలు తింటే ఎదగరు అమ్మమ్మా. పొట్టిగా ఉండిపోతారు. పెద్దవాళ్ళకి లివరు చెడుతుంది. ఒక్క రోజులో కాదు, అందుకే ఎవరికీ తెలియదు."

చాప చుట్టూ కూర్చున్నవాళ్ళు ఎవరి పిల్లల్ని వాళ్ళు చూసుకున్నారు. ఎవరో ఒకావిడ మెల్లగా, "నీళ్ళు..." అంది. మలీతా మెల్లగా అనలేదు.

"నీళ్ళు చల్లింది నువ్వే వదినా! నీ చేత్తోనే చల్లావు!"

"నోర్ముయ్. మన బస్తాలు పట్టుకెళ్ళిన లారీలో అంతకుముందు చేపలు మోశారట, తడి అక్కడిది," అంది జెలీఫా. ఆ మాట అన్నాక లేచి లోపలికి వెళ్ళి, తన ఆరు బస్తాల్లో మొదటిది ఈడ్చుకొచ్చింది.

ఇంటి వెనక ఇటుకల బట్టీ ఉంది. సంఘానికి గది కట్టుకుందామని కోసి పేర్చినవి, కట్టెలు దొరక్క కాల్చకుండా ఆగిపోయాయి. జెలీఫా బస్తా కుట్టు కోసి, బట్టీ నోట్లో గింజలు కుమ్మరించి నిప్పంటించింది. ఆరు బస్తాలూ అలాగే. నూనెగింజ కదా, భగ్గున లేచింది. పట్టపగలు ఊరంతా వేయించిన వేరుశెనగ వాసన కమ్మేసింది. పూటకి ఒకసారే జావ కాసుకుంటున్న ఇళ్ళల్లోంచి జనం బయటికొచ్చి, ఆ వాసన పీలుస్తూ నిలబడ్డారు. పిల్లలు ఏడ్చారు. ఒక ముసలాయన వచ్చి బట్టీ ముందు ఉమ్మేసి వెళ్ళాడు.

"మీవి మీ ఇష్టం," అంది జెలీఫా, మసి పట్టిన మొహంతో. "అమ్ముకోండి. కాకపోతే సావిలా ఏ సంతలో అమ్మితే ఆ సంతలో, అతని బస్తా పక్కన నేను నిలబడతాను. కొనేవాళ్ళకి చెబుతాను, ఇది ఏ దేశమూ తినని గింజ అని. పొద్దుణ్ణించీ సాయంత్రం దాకా చెబుతాను. నా గొంతు మీకు తెలుసు."

తెలుసు. సావిలా సైకిలెక్కాడు. ఒకళ్ళ వెనక ఒకళ్ళు బస్తాలు తెచ్చారు. అందరికంటే చివర మలీతా తెచ్చింది, తెస్తూ దారంతా తిట్టింది, కుమ్మరిస్తూ తిట్టింది, ఖాళీ గోనెని జెలీఫా మొహాన విసిరి కొట్టింది. వానలొచ్చి వెళ్ళేదాకా వదినతో మాట్లాడలేదు. ఆ వానలన్నీ గడ్డి కప్పులోంచి మలీతా మంచం మీదే కురిశాయి.

ఇటుకలు మాత్రం ఎర్రగా, కంచులా కాలాయి. వాటితో గది కట్టారు. అందులో కూర్చుని ఇప్పుడు చిపసుల ఆడవాళ్ళు కాయలు పొడిగా ఒలుస్తారు, వేళ్ళకి సైకిలు ట్యూబు ముక్కలు తొడుక్కుని. ఆ ఉపాయం జెలీఫాదే. నీళ్ళు చల్లద్దని మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. సొరబుర్రని కోడిపిల్లలకి నూకలు పోసుకోడానికి వాడటం మొదలుపెట్టింది, అంతే. ఎవరైనా ఆ ముప్పై బస్తాల మాటెత్తితే చేపల లారీ మాటే చెప్పేది. ఏడు తర్వాత ఏడు, అదే లారీ.

ఆ తర్వాతే వదినా మరదళ్ళిద్దరూ మ్చింజి గోదాములో ఏరుడు పనికి కుదిరారు. గోండ్వేతో తగువు అక్కడి మూడో ఏట. నాలుగో ఏట గేటు దగ్గర పేర్లు పిలిచినప్పుడు జెలీఫా పేరు లేదు. "ఒళ్ళు బాగాలేదని విన్నాను," అన్నాడు గోండ్వే. "నా ఒళ్ళు నీకన్నా బాగుంది," అని జెలీఫా అక్కణ్ణుంచి నేరుగా లిలోంగ్వే బస్సెక్కింది. పిండి అమ్మే ఆడవాళ్ళ వరసలో నిలబడి, ఏ కుప్ప పిండి ఇది, ఏ కుప్ప పిండి ఇది, అని ఒక్కొక్కరినీ అడిగింది. వాళ్ళు తిట్టారు. ఒకతె పిండి చల్లింది మొహాన. మొహం తుడుచుకుని పక్క అంగడి దగ్గర అదే మాట అడిగింది. నెలకి ఒకసారి, మూడేళ్ళు వెళ్ళింది అలా. చివరికి ఇద్దరు ముగ్గురు అమ్మకందార్లు వ్యాను వాడి గింజలు కొనడం మానేశారు. మిగిలినవాళ్ళు ఆవిణ్ణి చూడగానే గోనె పట్టాలు దించేసేవారు.

ఈ ఏడు వెళ్ళలేకపోయింది. రెండు కాళ్ళూ వాచి, చాప మీదనుంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. అప్పుడు వచ్చింది తియమికే, చేతిలో ఉత్తరంతో. వచ్చే నెల లిలోంగ్వేలో పెద్ద హోటల్లో సభ. కొమెసా వాళ్ళు, సాదెక్ వాళ్ళు, యూరప్ వాళ్ళు అందరూ కూర్చుని తమ తమ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూసుకుంటారట, ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ, దేనితో ఏది కలపాలి. పండించేవాళ్ళ తరఫున ఒక ఆడమనిషి పది నిమిషాలు మాట్లాడొచ్చు. తియమికే జెలీఫా పేరు ఇచ్చింది. సభలో పంచే పట్టిక కూడా పట్టుకొచ్చి చూపించింది, అడ్డగీతలూ నిలువుగీతలూ, ఒక్కో కూటమికి ఒక్కో వరస.

జెలీఫా ఆ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇందులో మూడో కుప్పకి గడి ఏదే?"

"లేదమ్మమ్మా."

"ఊఁ," అని కాగితాన్ని మలీతా ఒళ్ళో పడేసింది. "నువ్వు వెళ్ళు."

"నేనా!" మలీతా కాగితాన్ని పామేదో పడ్డట్టు దులుపుకుంది. "సూట్లేసుకున్న వాళ్ళ మధ్య నేనేం మాట్లాడతాను వదినా? నాకు రెండో తరగతి కూడా పూర్తిగా రాదు."

"నన్ను తిట్టడానికి ఏ తరగతి చదివావు? ఆ నోరే పట్టుకెళ్ళు."

"అందులో ఒకడు లేచి, మీ ఊరి గింజలే బూజు పట్టి వెనక్కొచ్చాయటగా అంటే? అడుగుతారు వదినా. వాళ్ళ దగ్గర కాగితాలుంటాయి. నన్నేం చెప్పమంటావు, చేపల లారీయా?"

జెలీఫా వాచిన కాళ్ళని చేతులతో ఎత్తి చాప మీద సర్దుకుంది. తియమికే సాయానికి వంగితే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"వాళ్ళు అడిగేదాకా ఉండకు. మైకు చేతికి రాగానే ముందు అదే చెప్పు. నీళ్ళు చల్లింది జెలీఫా కలుంబి అని చెప్పు. పేరు పెట్టి చెప్పు. వద్దన్న కుర్రాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసి మరీ చల్లిందని చెప్పు. లారీ లేదు, చేపలు లేవు. ముప్పై బస్తాలు తగలబెట్టి తప్పు దిద్దుకుందని కూడా చెప్పు. మేం దిద్దుకున్నాం, ఇక మీ వంతు అను."

మలీతా నోరు తెరిచింది. పదకొండేళ్ళుగా ఈ ఒక్క మాట వదిన నోట వినాలని, వినగానే అనడానికి ఎన్నెన్ని మాటలు దాచిపెట్టుకుందో. ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆ తర్వాత?" అంది చివరికి.

"ఆ తర్వాత అడుగు. మొదటి కుప్ప ఎవరు తినాలో రాసుకున్నారు, రెండో కుప్ప ఎవరు తినాలో రాసుకున్నారు. మూడోది ఎవరి పిల్లల కంచంలో పొయ్యమన్నారో ఆ కాగితం తీసి చదవమను. పది నిమిషాలు అయిపోయాయంటారు, గంట కొడతారు, చప్పట్లు కొట్టి కూర్చోమంటారు. కూర్చోకు మలీతా. వాళ్ళు చదివేదాకా అక్కడే నిలబడు."